అద్దె ఇళ్లలో నల్లుల బెడద: సమగ్ర యాజమాన్యం

పొలంలో పురుగు కనిపిస్తే రైతు గట్టు మీద నిలబడి పక్క రైతుకు చెబుతాడు. ఇంట్లో నల్లి కనిపిస్తే ఎవరూ ఎవరికీ చెప్పరు. నల్లులు మురికి కొంపల్లోనే ఉంటాయన్న అపోహ వల్ల అద్దెదారు చెప్పడానికి సిగ్గుపడతాడు. చెబితే ఇల్లు ఖాళీ చేయమంటారేమో, అడ్వాన్సులో కోత పెడతారేమో అని జంకుతాడు. ఇంటికి చెడ్డపేరు వస్తే కొత్తవారు కిరాయికి రారని యజమాని కూడా మాట బయటికి పొక్కనీయడు. నిజానికి నల్లికి శుభ్రతతో నిమిత్తం లేదు. నిద్రించే మనిషి రక్తం, పగలు దాగడానికి ఒక సన్నని పగులు ఉంటే దానికి చాలు. ఇల్లు శుభ్రంగా ఉంటే నల్లి కంటబడడం తేలికవుతుంది, అంతే.

హైదరాబాద్‌లోని హిమాయత్‌నగర్ ఈ సమస్యను పరిశీలించడానికి తగిన ఉదాహరణ. లిబర్టీ కూడలి నుంచి నారాయణగూడ వరకు బహుళ అంతస్తుల భవనాలు, వసతి గృహాలు, శిక్షణ సంస్థలు, కార్యాలయాలు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. నాంపల్లి రైల్వే స్టేషను, అబిడ్స్ బజారు దగ్గరలోనే ఉన్నాయి. జిల్లాల నుంచి చదువుకూ ఉద్యోగానికీ వచ్చేవారు పరుపు చుట్టతో, పెట్టెతో దిగుతారు. ఏడాది తిరగకముందే మరో గదికి మారతారు. పాత మంచాలు, సోఫాలు, బీరువాలు చేతులు మారుతూ ఉంటాయి. రెక్కలు లేని నల్లి తనంతట తాను వీధి దాటి పోలేదు. మనిషి సామానే దానికి వాహనం. అందువల్ల జనం తరచుగా ఇళ్లు మారే చోట నల్లిని ఒక గదికో ఒక కుటుంబానికో పరిమితమైన సమస్యగా చూడడం సరికాదు. ఒక రైతు తన పొలంలో మాత్రమే ఎలుకలకు ఎర పెడితే నాలుగు రోజుల్లో పక్క పొలం ఎలుకలు వచ్చి చేరతాయి. ఊరంతా ఒకేసారి సామూహికంగా ఎలుకల నివారణ చేపట్టాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెప్పడానికి కారణం అదే. భవనంలో నల్లులకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

పేరు ఒక్కటే, జీవులు వేరు

తెలుగులో ‘నల్లి’ అన్న మాట చాలా విశాలమైనది. మిరపను ఆశించే తెల్లనల్లి, కూరగాయలను ఆశించే ఎర్రనల్లి అసలు కీటకాలే కావు. అవి ఎనిమిది కాళ్లుండే సాలీడు వర్గపు జీవులు. పత్తిని, బొప్పాయిని పీల్చే పిండినల్లి, వరి పాలు పోసుకొనే దశలో గింజను పీల్చే కంపునల్లి మాత్రం కీటకాలు. మంచంలోని నల్లి కూడా కంపునల్లి చేరిన హెమిప్టెరా క్రమానికే చెందుతుంది. మొక్క రసానికి బదులు రక్తం పీల్చడానికి అలవాటుపడిన బంధువు అన్నమాట. నలిపితే వచ్చే ఘాటైన వాసన కూడా ఈ చుట్టరికాన్ని పట్టిస్తుంది. ఆ వాసనకు కారణమైన ఆల్డిహైడ్లు పచ్చి కొత్తిమీరలోని వాసన పదార్థాల కుటుంబానికే చెందినవి.

ఈ తేడా మాటల ముచ్చటగా మిగిలిపోదు. పురుగుమందుల దుకాణానికి వెళ్లి ‘నల్లి మందు’ అడిగితే ప్రొపర్‌గైట్, స్పైరోమెసిఫెన్ వంటి మిరప నల్లి మందులు చేతిలో పెడతారు. అవి పైరు మీది సాలీడు వర్గపు నల్లులకు ఉద్దేశించినవి. పడకగదిలో వాడదగినవి కావు, మంచం నల్లికి మందులూ కావు.

మనుషులను ఆశించే నల్లుల్లో రెండు జాతులు ముఖ్యమైనవి. సమశీతోష్ణ దేశాల్లో సైమెక్స్ లెక్టులేరియస్ ఎక్కువ. మన వంటి ఉష్ణమండలంలో సైమెక్స్ హెమిప్టెరస్ ప్రధానం. రెండింటికీ రూపంలో తేడా స్వల్పమే అయినా ఆచరణలో ఒక తేడా ఉంది. మంచం కోళ్ల కింద పెట్టే నున్నని ప్లాస్టిక్ గిన్నెల నుంచి మొదటి జాతి పైకి పాకలేదు. ఉష్ణమండల నల్లి కాళ్ల మీద అతుక్కొనే సన్నని రోమాలు ఎక్కువగా ఉండటం వల్ల నున్నని గోడలను ఎక్కగలదని 2017లో వెలువడిన పరిశోధనలో తేలింది. విదేశీ సూచనలను యథాతథంగా పాటించి ఒట్టి గిన్నెలు పెట్టినవారికి నిరాశ ఎదురుకావడానికి ఇదొక కారణం. వెనుకటి ఇళ్లలో మంచం కోళ్ల కింద నీళ్ల పళ్లాలు పెట్టేవారు. ఆ పద్ధతే ఇక్కడ మేలు; నీటిలో కాస్త సబ్బు పొడి కలిపితే పడిన నల్లి మునిగిపోతుంది.

గుర్తించడం ఎలా?

ప్రౌఢ నల్లి 5 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుతో, ఆపిల్ గింజ వలె చదునుగా, ముదురు గోధుమ రంగులో ఉంటుంది. రక్తం తాగాక ఉబ్బి ఎర్రబడుతుంది. పిల్ల నల్లులు లేత గడ్డి రంగులో ఉండి కంటికి సులభంగా ఆనవు. గుడ్డు సుమారు ఒక మిల్లీమీటరు ఉంటుంది. ముత్యం రంగులో పగుళ్లకు, బట్టల కుట్లకు అతికి ఉంటుంది.

కాటును బట్టి నిర్ధారణకు రావడం పొరపాటు. కొందరికి కుట్టిన చోట వెంటనే దద్దురు లేస్తుంది, కొందరికి కొన్ని రోజుల తరువాత లేస్తుంది, కొందరికి అసలు ఏమీ కనిపించదు. వసతి గృహంలో ఒకే గదిలో పడుకొనే ఇద్దరిలో ఒకరికి ఒళ్లంతా దద్దుర్లు, మరొకరికి ఒక్కటీ లేకపోవడం మామూలే. రెండోవాడు ‘నా మంచంలో నల్లులు లేవు’ అని వాదించడం వల్ల నివారణ వారాల తరబడి ఆలస్యమవుతుంది. నమ్మదగిన ఆధారాలు వేరు: దుప్పటి మీద చిన్న రక్తపు మరకలు, పరుపు అంచు కుట్ల వెంట సిరా చుక్కల వంటి నల్లని మలపు మచ్చలు, విడిచిన కుబుసాలు, సజీవ నల్లి. టార్చిలైటు, పాత ఏటీఎం కార్డు చేతబట్టుకొని ముందుగా పరుపు కుట్లు, మంచం తలవైపు పలక, మరమేకుల రంధ్రాలు, ప్లైవుడ్ అతుకులు చూడాలి. తరువాత సోఫా అడుగు, కర్టెన్ మడతలు, స్విచ్ బోర్డు చుట్టూ ఉన్న సందు, గోడ క్యాలెండరు వెనుక భాగం వెతకాలి. నులక మంచాల కాలంలో నాలుగు కోళ్లు చూస్తే సరిపోయేది. పెట్టె అరలున్న ప్లైవుడ్ మంచాలు వచ్చాక నల్లికి దాగే చోట్లు పదింతలయ్యాయి.

నల్లి వల్ల రోగాలు వస్తాయా అన్నది ప్రతి ఇంట్లోనూ వినిపించే ప్రశ్న. మద్రాసులో పరిశోధన చేసిన ప్యాటన్ 1907లో కాలా అజార్ క్రిమి నల్లి కడుపులో పెరుగుతున్నదని ప్రకటించాడు. ఆ అనుమానం చాలా కాలం కొనసాగింది. చివరకు ఆ వ్యాధిని ఇసుక ఈగ వ్యాపింపజేస్తుందని 1942లో మానవులపై జరిగిన ప్రయోగాలు రుజువు చేశాయి. సాధారణ పరిస్థితుల్లో నల్లి కాటు ద్వారా మనుషులకు ఏ వ్యాధీ సోకుతున్నట్లు నిర్ధారణ కాలేదు. అయితే దురద, గోకడం వల్ల పుండ్లు, నిద్రలేమి, మానసిక ఆందోళన మాత్రం వాస్తవం. పోటీ పరీక్షకు చదివే విద్యార్థికి నెల రోజుల నిద్ర కరువైతే ఆ నష్టం చిన్నది కాదు.

జీవితచక్రం చెప్పే లెక్క

హైదరాబాద్ వాతావరణంలో గుడ్డు 6 నుంచి 10 రోజుల్లో పొదుగుతుంది. పిల్ల నల్లి ఐదు దశలు దాటి ప్రౌఢ దశకు చేరుతుంది. ఒక్కో దశ దాటడానికి కనీసం ఒకసారి రక్తం తాగాలి. ఆహారం అందుతుంటే గుడ్డు నుంచి ప్రౌఢ దశకు 5, 6 వారాలు చాలు. ఆడ నల్లి జీవితకాలంలో 200కు పైగా గుడ్లు పెట్టగలదు. రక్తం దొరకకపోయినా నల్లి నెలల తరబడి బతుకుతుంది. చల్లని చోట మరింత ఎక్కువ కాలం. కాబట్టి దసరా సెలవులకు ఊరికి పోయి వచ్చేసరికి అవి ఆకలితో చచ్చిపోతాయన్న ఆశ ఫలించదు. పక్క గదిలో పడుకుంటే తప్పించుకోవచ్చన్నదీ అంతే. మనిషి ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు, ఒంటి వేడి, వాసన వెంబడి అవి ఆ గదికీ చేరతాయి. అప్పటివరకు ఒక మంచానికి పరిమితమైన సమస్య రెండు గదులకు విస్తరిస్తుంది.

పంటలకు మందు చల్లే సమయాన్ని గుడ్లు పొదిగే రోజులను బట్టి నిర్ణయించినట్లే ఇక్కడా చేయాలి. చాలా మందులు గుడ్డును చంపలేవు. మొదటి విడతలో తిరిగే నల్లులు పోతాయి, గుడ్లు మిగులుతాయి. 10 నుంచి 14 రోజుల్లో రెండో విడత చేపడితే అప్పటికి పొదిగిన పిల్లలు గుడ్లు పెట్టే వయసుకు రాకముందే దొరుకుతాయి. ఒక్క విడతతో గ్యారంటీ ఇస్తామనే వారిని నమ్మకపోవడానికి ఈ లెక్క ఒక్కటే చాలు.

మందు ఎందుకు లొంగదీయలేకపోతున్నది?

రెండో ప్రపంచ యుద్ధం తరువాత డీడీటీ నల్లులను దాదాపు తుడిచిపెట్టినట్లే కనిపించింది. కానీ 1947లోనే హవాయిలోని పెర్ల్ హార్బర్ నావికా స్థావరంలో డీడీటీకి లొంగని నల్లులు బయటపడ్డాయి. ఇప్పుడు ఇంటి మందుల్లో ఎక్కువగా వాడే పైరిథ్రాయిడ్లు కూడా డీడీటీ దెబ్బతీసే నాడీ వ్యవస్థలోని సోడియం ద్వారాల మీదే పనిచేస్తాయి. ఆ ద్వారం నిర్మాణంలో జన్యుపరమైన మార్పు వచ్చిన నల్లికి రెండు మందులూ ఒకే తీరుగా పనిచేయవు. ఉష్ణమండల నల్లిలోనూ ఇటువంటి జన్యు మార్పులు వివిధ దేశాల్లో నమోదయ్యాయి.

తెలుగు రైతులకు ఈ అనుభవం కొత్త కాదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు పైరిథ్రాయిడ్లకు లొంగలేదు. పని చేయని మందునే మోతాదు పెంచి మళ్లీ మళ్లీ చల్లిన రైతులు అప్పుల పాలయ్యారు. ప్రాణాలు తీసుకున్నవారూ ఉన్నారు. గదిలో డబ్బా తరువాత డబ్బా పిచికారీ చేసే అద్దెదారు అదే దారిన నడుస్తున్నాడు. పైగా పైరిథ్రాయిడ్ల ఘాటుకు చావని నల్లులు చెదిరి, గోడలోని విద్యుత్ గొట్టాల వెంట, తలుపు సందుల వెంట పక్క వాటాకు చేరతాయి. దోమల మందు, పొగ మందు, గాలిలోకి ఒక్కసారిగా చిమ్మే డబ్బాలు పగుళ్ల లోపలికి చేరవు కాబట్టి వాటితో ఖర్చు తప్ప ఫలితం ఉండదు.

పొలం మందు ఇంట్లోకి రాకూడదు

ఇది ఈ అంశంలో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం. ఊరి నుంచి వచ్చే విద్యార్థి ఇంట్లో మిగిలిన పురుగుమందు సీసాను వెంట తెచ్చుకోవడం, లేదా తెలిసినవారి ద్వారా గుళికలు తెప్పించుకోవడం అసాధ్యమైన విషయం కాదు. ఒకప్పుడు ఇళ్లలో నల్లులకు విరివిగా వాడిన డైక్లోరోవాస్‌ను కేంద్ర ప్రభుత్వం 2018 ఆగస్టు ఉత్తర్వు ద్వారా నిషేధించింది. 2020 డిసెంబరు 31 నుంచి దాని వాడకం పూర్తిగా ఆగిపోవాలి. పాత నిల్వ దొరికినా వాడరాదు.

ధాన్యం గోదాముల్లో వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లలు మరింత ప్రాణాంతకమైనవి. గాలిలోని తేమ తగిలితే వాటి నుంచి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. దానికి విరుగుడు మందు లేదు. 3 గ్రాముల బిళ్ల నుంచి సుమారు 1 గ్రాము వాయువు వస్తుంది. అది తలుపు కింది సందు గుండా, గొట్టాల గుండా పక్క ఇంటికి చేరుతుంది. దీని వాడకాన్ని ప్రభుత్వ సంస్థలకు, నిపుణుల పర్యవేక్షణలో పనిచేసే నివారణ సంస్థలకు మాత్రమే పరిమితం చేశారు. పడకగదుల భవనంలో దీనికి చోటు లేదు.

పక్క గదిలో కొట్టిన మందు ఏం చేయగలదో 2018 ఆగస్టులో ఈజిప్టులోని హుర్ఘదాలో ఒక హోటల్‌లో జరిగిన దుర్ఘటన చూపింది. పక్క గదిలో నల్లులకు మందు కొట్టి మూసివేశారు. రెండు గదుల మధ్య తలుపు ఉంది. ఆ రాత్రి తమ గదిలో నిద్రించిన బ్రిటిష్ దంపతులు మరునాడు మరణించారు. మందును పలుచన చేయడానికి వాడిన ద్రావణి ఆవిరి శరీరంలో కార్బన్ మోనాక్సైడుగా మారడమే కారణమని బ్రిటన్‌లో జరిగిన విచారణ తేల్చింది. మందు పేరు ఒక్కటే అడిగి ఊరుకోకూడదనడానికి ఇది చాలు.

వాణిజ్యపరంగా మందు కొట్టే సంస్థకు కీటకనాశనుల చట్టం, 1968 కింద రూపొందిన 1971 నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు, వాడే మందు డబ్బా, దాని మీద ఇంట్లో వాడవచ్చన్న సూచన, విషతీవ్రతను తెలిపే రంగు త్రికోణం చూపమని అడిగే హక్కు ఇంట్లో ఉండేవారికి ఉంది. ఆ డబ్బా ఫొటో తీసి దగ్గర ఉంచుకుంటే అత్యవసరమైతే వైద్యుడికి ఉపయోగపడుతుంది. కిరోసిన్, పెట్రోలు, స్పిరిటు చల్లడం నిప్పు ప్రమాదానికి దారి తీస్తుంది. సీతాఫలం గింజల పొడి కంట్లో పడితే తీవ్ర హాని చేస్తుంది. వేపాకు పరచడం హాని చేయదు. నల్లులకు కూడా పెద్దగా చేయదు.

వేడి అనే ఆయుధం

ఏ జన్యు మార్పూ తట్టుకోలేనిది వేడి. సాధారణ నల్లిపై జరిగిన ప్రయోగాల్లో 45 డిగ్రీల సెల్సియస్ వద్ద ప్రౌఢ నల్లులు చావడానికి గంటన్నరకు పైగా, గుడ్లు చావడానికి 7 గంటలు పట్టింది. 48 డిగ్రీల వద్ద గుడ్లకు 70 నిమిషాలు దాటింది. 55 డిగ్రీలకు చేరితే గుడ్లు కూడా దాదాపు తక్షణమే చస్తాయి. కాబట్టి దుప్పట్లు, దిండు గలీబులు, దోమతెరలు, బట్టలు 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాలి లేదా అరగంట నానబెట్టాలి. చెక్క మంచం కీళ్లలో మరిగే నీళ్లు పోయడం పాతకాలపు పద్ధతే అయినా శాస్త్రానికి నిలిచేదే. ప్లైవుడ్‌కు మాత్రం పనికిరాదు, ఉబ్బిపోతుంది. ఆవిరి యంత్రం దొరికితే పరుపు కుట్ల వెంట నెమ్మదిగా నడపాలి. వేగంగా లాగితే వేడి లోపలికి దిగదు.

నేలలోని తెగుళ్లను, కలుపు విత్తనాలను చంపడానికి వేసవిలో మడిపై పాలిథీన్ పరచి ఎండ వేడిని బంధించే పద్ధతి వ్యవసాయంలో ఉన్నదే. రోహిణి కార్తె ఎండల్లో డాబా మీద ఇదే పద్ధతిని బట్టలకూ పుస్తకాలకూ వాడవచ్చు. సామానును పలుచగా సర్ది, పాలిథీన్ సంచిలో మూతి బిగించి, మధ్యలో ఉష్ణమాపకం ఉంచాలి. నడి మధ్యలో 50 డిగ్రీలు దాటి గంటకు పైగా నిలిచిందని చూసుకున్నాకే పని అయినట్లు. మందమైన పరుపును ఊరికే ఎండలో వేస్తే నల్లులు నీడ ఉన్న అడుగు వైపుకు జరుగుతాయి. వానాకాలంలో ఈ పద్ధతిపై ఆధారపడకూడదు. వేడికి పాడయ్యే వస్తువులను మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచవచ్చు.

పప్పు ధాన్యాల నిల్వలో బూడిద కలిపే అలవాటు వెనుక ఉన్న సూత్రం ఇక్కడా పనికివస్తుంది. సిలికా జెల్ పొడి, డయటమ్ మట్టి పురుగు ఒంటిపై మైనపు పొరను దెబ్బతీసి నీటిని హరిస్తాయి. పగుళ్లలో అతి పలుచగా మాత్రమే వేయాలి. గాలిలో లేస్తే ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఒక చిన్న విశేషం కూడా చెప్పుకోవచ్చు. బాల్కన్ ప్రాంత గ్రామాల్లో రాత్రి మంచం చుట్టూ ఫ్రెంచి చిక్కుడు ఆకులు పరచి, తెల్లవారి నల్లులతో సహా కాల్చివేసేవారని 1943లో ఒక వ్యాసం వెలువడింది. ఆకు మీది కొక్కెం వంటి నూగు నల్లి కాళ్లలో గుచ్చుకొని కదలనీయదని 2013లో అమెరికా శాస్త్రవేత్తలు సూక్ష్మదర్శినిలో చూపారు. అచ్చం ఆ నూగులాంటి కృత్రిమ ఉపరితలం తయారుచేయబోతే మాత్రం ఆకు పట్టినంతగా అది పట్టలేదు.

యజమాని, అద్దెదారు, పొరుగువారు

నల్లి కనిపించిన రోజునే ఫొటో తీసి, తేదీతో సహా యజమానికి లిఖితపూర్వకంగా తెలియజేయాలి. వాట్సాప్ సందేశమైనా సరే. హైదరాబాద్‌లో సాధారణంగా రాసుకొనే 11 నెలల ఒప్పందాల్లో పురుగుల నివారణ ఎవరి బాధ్యతో రాసుకోవడం అరుదు. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం, విరుద్ధమైన ఒప్పందం లేనప్పుడు, తనకు తెలిసి, అద్దెదారుకు తెలియని, మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని యజమాని వెల్లడించాలి. అదే సెక్షన్ ఆస్తిని మంచి స్థితిలో ఉంచే బాధ్యతను అద్దెదారుపై పెడుతుంది. నల్లి ఎవరి వల్ల వచ్చిందో తేల్చడం చాలా సందర్భాల్లో అసాధ్యం కాబట్టి, కొత్త ఒప్పందంలోనే ఒక వాక్యం చేర్చుకోవడం ఇద్దరికీ మేలు: దిగిన మొదటి నెలలో బయటపడితే ఖర్చు యజమానిది, ఆ తరువాత అయితే సగం సగం అన్న ఏర్పాటు న్యాయంగా ఉంటుంది. న్యూయార్క్ నగరంలో గత ఏడాది కాలంలో ఆ ఇంట్లోనూ భవనంలోనూ నల్లులు ఉన్నాయా అన్న సమాచారాన్ని కొత్త అద్దెదారుకు రాతపూర్వకంగా ఇవ్వాలని 2010లో చట్టం చేశారు. అక్కడ పాత పరుపులు ఏరుకొని కాపురం మొదలుపెట్టే తెలుగు విద్యార్థులు ఈ కాగితాన్ని అడిగి తీసుకోవడం మంచిది.

నివారణ పరిధిలోకి పక్కవాటాలు రెండూ, పైదీ, కిందిదీ తప్పక రావాలి. కనీసం ఈ నాలుగింటిని పరిశీలించకుండా ఒక వాటాలో మాత్రమే మందు కొట్టించడం సగం పని. అపార్టుమెంటు సంఘం ఈ బాధ్యత తీసుకొని, ఎవరింట్లో మొదలైందన్న చర్చను పక్కన పెట్టి, ఒకే రోజు అన్ని వాటాలకూ పని జరిగేలా చూడాలి. అంతకు ముందే ఇంట్లోవారు ఉతికిన బట్టలను మూతి కట్టిన సంచుల్లో ఉంచి, మంచాన్ని గోడకు అడుగు దూరం జరిపి, మరమేకులు విప్పి, గోడ పగుళ్లను పుట్టీతో పూడ్చి ఉంచాలి. మందు కొట్టాక డబ్బా మీద సూచించిన గడువు వరకు పిల్లలు, గర్భిణులు, పెంపుడు జంతువులు గదిలోకి రాకూడదు.

ఇల్లు ఖాళీ చేసి పోవడం చికిత్స అనుకొనేవారు ఎక్కువ. సామాను శుద్ధి చేయకుండా మారితే నల్లులు కూడా అదే ఆటోలో కొత్త చిరునామాకు మారతాయి. పనికిరాదనుకున్న పరుపును మెట్ల కింద వదిలేయకూడదు, పాత సామాన్లవారికి అమ్మకూడదు. కత్తితో కోసి, ‘నల్లులు ఉన్నాయి’ అని పెద్ద అక్షరాలతో రాసి, పాలిథీన్‌లో చుట్టి చెత్త బండికి అప్పగించాలి. పాత మంచం కొనేవారు ఎండ వెలుతురులో మరమేకులు విప్పించి చూడాలి. అబిడ్స్ ఆదివారం బజారులో కొన్న పాత పుస్తకాలను కూడా ఒకసారి బైండింగు తెరిచి చూడడం తప్పు కాదు.

చివరి విడత మందు తరువాత కోళ్ల కింది సబ్బునీళ్ల పళ్లాలను ప్రతి ఉదయం చూసి, దుప్పటిని వారానికోసారి టార్చి వెలుతురులో పరిశీలించి, ఒక కాగితం మీద తేదీలతో రాసుకోవాలి. కొత్త మచ్చ గానీ కుబుసం గానీ నల్లి గానీ లేకుండా వరుసగా 8 వారాలు గడిస్తే ఆ ఇంట్లో పని పూర్తయినట్లు. ఏడో వారంలో ఒక్క పిల్ల నల్లి దొరికినా లెక్క మళ్లీ మొదటి వారం నుంచి ప్రారంభించి, ఈసారి పక్క వాటాను ముందు వెతకాలి.